థార్ చీమకు పేరు వెతుకుతూ: బెంగళూరు ల్యాబ్‌లో డీఎన్ఏ బార్‌కోడింగ్

ఎడారి చీమల్ని డీఎన్ఏ బట్టి గుర్తుపట్టే పని నేను బెంగళూరులో ఒక ల్యాబ్‌లో చేస్తున్నాను. జీవశాస్త్రం చదివే తెలుగు పిల్లలు ఈమధ్య ఫోన్ చేసి, "అన్నా, చీమ కాలు ఒకటి మిషన్‌లో పెడితే పేరు వచ్చేస్తుందంట కదా" అని అడుగుతున్నారు. అలా రాదు. పేరు దాకా వెళ్లే దారి అంతకంటే చాలా పొడుగు, నాకైతే అందుకే ఇష్టం కూడా. ఆ దారిలో ఏమేం చేయాలో, ఎక్కడ ఆగిపోవాల్సి వస్తుందో నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అసలు డీఎన్ఏ దాకా ఎందుకు పోవాలి? 2016లో అచ్చయిన జాబితా ప్రకారం మన దేశంలో 100 ప్రజాతుల్లో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) కలిపి 828 చీమ జాతులు, ఉపజాతులు ఉన్నాయి. వీటిలో చాలావాటి మధ్య తేడాలు కంటికి ఆనవు. వీపు మీద నిలబడి ఉండే వెంట్రుకలు ఎన్ని, కంటికీ దవడకీ మధ్య ఎంత దూరం, నడుము దగ్గరి ముడి పక్కనుంచి చూస్తే గుండ్రంగా ఉందా కోణంగా ఉందా, ఇలా ఉంటాయి ఆ గుర్తులు. దానికి తోడు ఒకే పుట్టలో రాణిది ఒక రూపు, రెక్కల మగచీమది ఇంకో రూపు, శ్రామిక చీమల్లోనే పెద్దతలవి, చిన్నతలవి వేరు. 1903లో బింగ్‌హామ్ తయారుచేసిన భారత చీమల సంపుటి ఇప్పటికీ మా బల్ల మీద ఉంటుంది, కానీ అలాంటి పాత పట్టికలు ఎక్కువగా శ్రామిక చీమల రూపం మీదే నడుస్తాయి. మగచీమ ఒక్కటే దొరికిందంటే చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోతాం.

2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హీబర్ట్ బృందం ఒక ప్రతిపాదన చేసింది. జంతువులన్నిటికీ ఒకే జన్యువులోని ఒకే ముక్కను చదువుదాం, ఆ డీఎన్ఏ అక్షరాల (A, T, C, G) వరుసను బట్టి జాతిని గుర్తుపడదాం అని. దీన్నే డీఎన్ఏ బార్‌కోడింగ్ అంటారు. ఆ ముక్క కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువుది, పొడవు 658 అక్షరాలు. మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కో కణంలో వందల కొద్దీ నకళ్లుగా ఉంటుంది, అందుకే సన్నటి చీమ కాలు నుంచి కూడా దొరుకుతుంది. రెండేళ్లకే, 2005లో, మడగాస్కర్ చీమల మీద ఈ పద్ధతిని వాడి చూశారు, పనికొస్తుందని తేలింది.

మా నమూనాలు థార్‌వి, జైసల్మేర్ వైపు ఊళ్ల చుట్టూ ఉన్న బీళ్లలో పట్టినవి. డెజర్ట్ నేషనల్ పార్క్ లోపల అటవీశాఖ అనుమతి లేకుండా చీమను కూడా ముట్టుకోకూడదు, అందుకే పార్కు బయటే, ఆ నేల ఎవరిదో వాళ్లను అడిగి పట్టుకున్నాం. అక్కడ నీడ అంటే ఖేజ్రీ చెట్టు. మనం దసరాకు పూజించే జమ్మి చెట్టే అది. దాని మొదట్లో తెల్లవారుజామున గింజలు ఏరే చీమలు బారు కట్టి వస్తాయి, పుట్ట చుట్టూ ఊక వలయంగా పోసి ఉంటుంది. ఎండ ముదిరేలోపు అవన్నీ లోపలికి దిగిపోతాయి. మిట్టమధ్యాహ్నం, ఇసుక మీద చెయ్యి ఆనించలేని వేళకు, కటాగ్లిఫిస్ అనే ప్రజాతి చీమ బయటికొస్తుంది.

ఈ చీమ గురించి కాస్త ఎక్కువ రాయకుండా ఉండలేను. కాళ్లు చాలా పొడుగు. నేలను అంటుకుని ఉండే గాలికంటే కొన్ని మిల్లీమీటర్ల పైన వేడి తక్కువ, ఆ ఎత్తులోకి ఒంటిని లేపి పెట్టేవి ఆ కాళ్లే. ఎండకు మాడి చచ్చిన పురుగులే దాని తిండి. పట్టుకోబోతే దొరకదు, పురుగుల్ని గాలితో లోపలికి పీల్చే యాస్పిరేటర్ గొట్టం దగ్గరికి తెచ్చేలోపు దిక్కు మార్చేస్తుంది. చచ్చిన ఈగనొకదాన్ని ఇసుక మీద పెట్టి కదలకుండా కూర్చుంటే వస్తుంది. వచ్చేటప్పుడు అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ వస్తుంది. ఈగను కరుచుకున్నాక మాత్రం పుట్ట వైపు గీత గీసినట్టు నేరుగా పోతుంది. ఇదే ప్రజాతి మీద ట్యునీసియా ఉప్పునేలల్లో చేసిన ప్రయోగం ఒకటి 2006లో అచ్చయింది. పంది వెంట్రుకలు అతికించి చీమ కాళ్లు పొడుగు చేస్తే అది పుట్ట దాటి ముందుకు పోయింది, కాళ్లు కురచ చేస్తే పుట్ట రాకముందే ఆగి వెతుక్కుంది. అడుగుల లెక్క పెట్టుకుని ఇల్లు చేరుతుందన్నమాట. ఆ ప్రయోగం జరిగింది కటాగ్లిఫిస్ ఫోర్టిస్ అనే జాతి మీద. థార్‌లో నా ముందు పరిగెత్తేది ఏ జాతో తేలకుండా ఆ ఫలితాన్ని దీనికి అంటగట్టకూడదు. పేరు కోసం ఇంత తాపత్రయం అందుకే.

పట్టిన చీమను వెంటనే 95 శాతానికి పైన ఉన్న ఇథనాల్‌లో వేయాలి. మ్యూజియంలలో వాడే 70 శాతం ద్రావణంలో ఒళ్లు మెత్తగా బాగుంటుంది కానీ, అందులో నీళ్లు ఎక్కువ కాబట్టి డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఎడారి వేడికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకని సీసాలు ఎప్పుడూ ఐస్ పెట్టెలోనే. లోపల వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, జీపీఎస్ అంకెలు, తేదీ, పట్టిన వేళ, నేల రకం, పుట్ట నుంచి తీసిందా దారిలో దొరికిందా అన్నది, ఇవన్నీ అక్కడికక్కడే రాయాలి. గదికి వెళ్లాక గుర్తు తెచ్చుకుని రాసే చీటీని నేను నమ్మను.

థార్ నుంచి వచ్చాక అమ్మతో ఫోన్లో ఇదంతా చెప్తుంటే, "చీమల కోసం రాజస్థాన్ దాకా పోవల్లనా నాయనా, మన ఏటి ఇసకలో లేవా?" అంది. మాది అనంతపురం జిల్లా, బొమ్మనహాళ్ వైపు. దర్గా హొన్నూరు దగ్గర హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కట్టింది, ఆ దిబ్బల మీద నిలబడితే జైసల్మేరే గుర్తొస్తుంది. అమ్మ అన్న మాట నన్ను వదల్లేదు. మా మేడమ్‌ను అడిగి, హగరి ఇసుకలో దొరికే గింజల చీమల్నీ, మోనోమోరియం అనే సన్నటి చీమల్నీ కూడా పనిలో కలుపుకున్నాను. ఇంత దూరంలో ఉన్న రెండు ఇసుక నేలల చీమలు ఒకటేనా అనే ప్రశ్న అక్కడ పుట్టింది.

ల్యాబ్‌లో మొదటి పని మైక్రోస్కోప్ కిందే. నడుము ముడి ఒకటా రెండా, పొట్ట చివర గుండ్రటి రంధ్రమా చీలికా అని చూస్తే ఉపకుటుంబం తెలుస్తుంది, అక్కడి నుంచి పట్టికలు పట్టుకుని ప్రజాతికి వెళ్లాలి. తర్వాత చీమను పిన్నుకు ఎక్కించాలి. దీని మీద నాకు పట్టింపు ఎక్కువ. ముక్కోణంగా కత్తిరించిన చిన్న అట్టముక్క కొసన చుక్కంత జిగురు పెట్టి, చీమ రొమ్ము అడుగున, మధ్య కాళ్లకూ వెనక కాళ్లకూ నడుమ అంటించాలి. జిగురు ఎక్కువైతే చూడాల్సిన గుర్తులు మూసుకుపోతాయి, తక్కువైతే ఆరాక ఊడిపోతుంది. అంటించే ముందే కుడివైపు మధ్య కాలు ఒకటి సన్నటి చిమటాతో తీసి ట్యూబులో వేస్తాం. ఎడమవైపు అంతా చెక్కుచెదరకుండా మిగులుతుంది. ట్యూబుకూ పిన్నుకూ ఒకే నంబరు. ఆ పిన్ను మీది చీమే వోచర్. రేపెవరైనా నా డీఎన్ఏ ఫలితం తప్పంటే వాళ్లకు తీసి చూపించడానికి ఉన్నది అదొక్కటే.

మోనోమోరియం లాంటివి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు, ఒక్క కాలు సరిపోదు. వాటిని మొత్తంగా ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్ కె అనే ఎంజైమ్ కలిపిన ద్రావణంలో వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. తెల్లారి చూస్తే లోపలి మెత్తటి భాగమంతా కరిగి ద్రావణంలోకి వచ్చేసి ఉంటుంది, బయటి పెంకు మాత్రం వెంట్రుకలతో సహా అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ అట్టముక్కకు అంటించవచ్చు. రంగు కొంచెం వెలుస్తుంది, అంతే. ఇది మొదటిసారి చూసినప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఎందుకంటే అప్పటిదాకా చిన్న చీమ డీఎన్ఏ కావాలంటే ఆ చీమను నూరేయాల్సిందే అనుకునేవాణ్ణి.

ద్రావణాన్ని సిలికా కాలమ్ గుండా పంపి డీఎన్ఏ వేరు చేయడం కిట్‌లో రాసినట్టు చేసుకుపోవడమే. అసలు టెన్షన్ పీసీఆర్ దగ్గర, అంటే కావాల్సిన డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే చోట, మొదలవుతుంది. 658 అక్షరాల ముక్కకు రెండు చివర్లా అతుక్కునే ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ తునకలు కావాలి. అందరూ వాడేవి 1994లో ఫోల్మర్ బృందం ప్రకటించిన జత. అకశేరుకాల్లో (వెన్నెముక లేని జీవుల్లో) చాలావాటికి పనిచేస్తుంది గానీ చీమల దగ్గర తరచూ మొండికేస్తుంది, అది అతుక్కోవాల్సిన చోట చీమ డీఎన్ఏలో అక్షరాలు మారి ఉంటాయి. అప్పుడు అతుక్కునే ఉష్ణోగ్రతను 50 డిగ్రీల కిందికి తగ్గించి చూస్తాం, లేదా వేరే ప్రైమర్ల జత తీసుకుంటాం, అదీ కుదరకపోతే ముక్కను రెండు చిన్న ముక్కలుగా చదివి మధ్యలో కలుపుతాం. 94 డిగ్రీల దగ్గర డీఎన్ఏ రెండు పోగులు విడిపోవడం, 50 దగ్గర ప్రైమర్ అతుక్కోవడం, 72 దగ్గర కొత్త పోగు పెరగడం, ఇదే ముప్పై చిల్లర సార్లు తిరుగుతుంది.

తర్వాత జెల్, అంటే డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసి చూపే పలక. వెలుతురులో 700 అక్షరాల గుర్తు పక్కన మెరిసే గీత కనిపించాలి. ఒకసారి నా థార్ నమూనాల గళ్లన్నీ ఖాళీగా వచ్చాయి. మా సీనియర్ గుంటూరు ఆవిడ. "అక్కా, ఒక్క బ్యాండూ రాలేదు" అంటే, "రాకపోతే పోయింది, నీళ్ల ట్యూబులో వచ్చిందా చూడు ముందు" అంది. చీమ డీఎన్ఏ లేకుండా ఉత్త నీళ్లతో నడిపే ట్యూబు ఒకటి ప్రతిసారీ పెడతాం. అందులో గీత లేదు. "అయితే భయం లేదు. నీళ్లలో బ్యాండ్ వచ్చిన రోజు మాత్రం అన్నీ పారేసి మొదట్నుంచి చేయాలి" అంది. ప్రైమర్ మార్చాక ఆ గళ్లలో గీతలు వచ్చాయి. కొత్తగా చేరినవాళ్లకు ఈ నీళ్ల ట్యూబు సంగతే మొదట చెప్తుంటాను.

సీక్వెన్సింగ్, అంటే అక్షరాల వరస చదవడం, మేం బయట చేయిస్తాం. బెంగళూరులో ఈ పని చేసే సంస్థలు ఉన్నాయి, ఐస్ పెట్టెతో మనిషి వచ్చి ట్యూబులు పట్టుకెళ్తాడు, ఒక్కో ట్యూబుకు కొన్ని వందల రూపాయలవుతుంది. ప్రతి నమూనానూ రెండు వైపుల నుంచీ చదివించాలి, ఖర్చు రెట్టింపైనా సరే. ఫలితం రంగుల అలల్లా వస్తుంది. ఏ (A) పచ్చ, టీ (T) ఎరుపు, సీ (C) నీలం, జీ (G) నలుపు. చీమల సీఓఐలో ఏ, టీ అక్షరాలే ఎక్కువ. వరసగా టీలు వచ్చే చోట ఎర్రటి కొండలు ఒకదాని మీదికొకటి ఒరిగిపోతాయి, అవి ఎనిమిదా తొమ్మిదా అని కంప్యూటర్ తడబడుతుంది. అక్కడ అటువైపు నుంచి చదివిన వరసను పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం కళ్లతో సరిచూడాలి. ఈ పనిని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయడం నాకు నచ్చదు. ఒక్క టీ తేడా వస్తే ఆ తర్వాత ప్రొటీన్ అంతా మారిపోతుంది.

ఆ ప్రొటీన్‌గా మార్చి చూడడమే తర్వాతి పరీక్ష. సీఓఐ ప్రొటీన్ తయారుచేసే జన్యువు కాబట్టి మధ్యలో ఆగిపొమ్మనే గుర్తు రాకూడదు. మూడేసి అక్షరాలు ఏ అమైనో ఆమ్లానికి గుర్తో చెప్పే పట్టికలు ఉంటాయి. ఇక్కడ అకశేరుకాల మైటోకాండ్రియా పట్టికనే ఎంచుకోవాలి, ఎందుకంటే మామూలు పట్టికలో ఆగమనే టీజీఏ ఇక్కడ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. సరైన పట్టిక పెట్టినా మధ్యలో ఆగు గుర్తు వస్తే అనుమానించాల్సిందే. ఎప్పుడో మైటోకాండ్రియా నుంచి జారి కేంద్రకంలో చేరి, పని లేక పాడైపోయిన పాత నకలు కావచ్చు అది. అమెరికా ఖండంలోని ఆకుకోత చీమ ఆట్టాలో ఇలాంటి నకళ్లు బయటపడ్డాయి. ఇంకో ఉచ్చు కూడా ఉంది. నా నమూనా ఒకదాంట్లో వరస చక్కగా, స్పష్టంగా వచ్చింది, తీరా డేటాబేస్‌లో పోల్చి చూస్తే అది చీమదే కాదు, చీమ కణాల్లో కాపురముండే ఊల్బాకియా అనే బ్యాక్టీరియాది. ప్రైమర్లు దాన్ని కూడా పట్టుకున్నాయి. అలల అందం చూసి మురిసిపోకూడదని అప్పుడు అర్థమైంది.

ఇక పేరు. వరసను బార్‌కోడ్‌లు దాచే బోల్డ్ డేటాబేస్‌లోనూ, అన్ని రకాల డీఎన్ఏ వరసలూ ఉండే జెన్‌బ్యాంక్‌లోనూ వెతుకుతాం. చాలామంది పెట్టుకునే హద్దు గీత 2 నుంచి 3 శాతం. తేడా అంతకంటే తక్కువైతే ఒకే జాతి, ఎక్కువైతే వేరు అని. ఈ గీత పని మొదలుపెట్టడానికి మంచిదే, తీర్పు చెప్పడానికి చాలదు. నా కటాగ్లిఫిస్ వరసకు దగ్గరి పోలికలన్నీ కటాగ్లిఫిస్‌వే వచ్చాయి, ప్రజాతి దగ్గర సందేహం లేదు, కానీ ఏ ఒక్క జాతితోనూ ఆ గీతకు లోపల కలవలేదు. పోల్చడానికి అక్కడ ఎవరో ఒకరు ముందే సరైన పేరుతో పెట్టి ఉండాలి కదా. ఎవరూ పెట్టని జాతికి డేటాబేస్ పేరెక్కడి నుంచి ఇస్తుంది? మరో నమూనాకు 99 శాతానికి పైగా పోలిక, జాతి పేరుతో సహా వచ్చింది. అయితే ఆ పేరు పక్కన ఫొటో లేదు, వోచర్ నంబరు లేదు. జెన్‌బ్యాంక్‌లో పేరు పెట్టేది వరసను పంపినవాళ్లే. అలాంటి పేరును నేను తీసుకోను.

మరి ఈ పద్ధతి ఏమిచ్చిందంటే, మోనోమోరియం దగ్గర జరిగింది చెప్తాను. థార్‌లో పట్టినవన్నీ మైక్రోస్కోప్ కింద ఒకే కుప్పగా పెట్టుకున్నాం. వరసల పోలికను బట్టి బంధుత్వాల చెట్టు గీస్తే రెండు గుంపులుగా విడిపోయాయి, మధ్య తేడా ఆ 3 శాతం గీత కంటే చాలా ఎక్కువ. అప్పుడు నంబర్లు పట్టుకుని వోచర్ల దగ్గరికి తిరిగి వెళ్లాం. ఈసారి ఏది ఏ గుంపుదో తెలిసి చూస్తున్నాం కాబట్టి, ఒక గుంపులో వీపు మీది నిలువు వెంట్రుకలు తక్కువని, కన్ను కాస్త పెద్దదని కనిపించింది. ఆ తేడా మొదట్నుంచీ అక్కడే ఉంది, ఎక్కడ చూడాలో చెప్పింది మాత్రం డీఎన్ఏ. గండుచీమల దగ్గర దీనికి తలకిందులుగా జరిగింది. పెద్దతలవీ చిన్నతలవీ వేర్వేరు సీసాల్లో ఉన్నాయి, వరసలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

అన్నిటికంటే పనికొచ్చింది మగచీమల దగ్గర. మొదటి వాన పడ్డ రాత్రి దీపం దగ్గరికి ఉసిళ్లతో పాటు రెక్కల చీమలూ వస్తాయి. ఆ మగవాటిని చూసి ఏ శ్రామిక చీమకు చెందినవో చెప్పడం దాదాపు అసాధ్యం. కానీ మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. మగచీమ ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుట్టినా, శ్రామిక చీమ జరిగిన గుడ్డు నుంచి పుట్టినా, రాణి ఒకటే అయితే సీఓఐ ఒకటే. అలా దీపం దగ్గర దొరికిన మగచీమ ఒకటి పగలు మేం పట్టిన గింజల చీమల గుంపులో వచ్చి చేరింది.

అయితే తల్లి నుంచి మాత్రమే వస్తుందన్న ఈ గుణమే ఒక్కోచోట మోసం చేస్తుంది. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన మెస్సర్ అనే గింజల చీమల సంగతి చదివి మా ల్యాబ్‌లో అందరం నివ్వెరపోయాం. ఐరోపాలో మెస్సర్ ఐబెరికస్ రాణి తన జాతి మగవాటినే కాక, మెస్సర్ స్ట్రక్టర్ అనే వేరే జాతి మగవాటిని కూడా కంటుంది. ఆ మగచీమల కేంద్రకంలోని డీఎన్ఏ అంతా స్ట్రక్టర్‌ది, మైటోకాండ్రియా మాత్రం కన్నతల్లి ఐబెరికస్‌ది. వాటి కాలు తీసి సీఓఐ చదివితే ఐబెరికస్ అనే వస్తుంది. ఒక్క జన్యువును నమ్ముకుని పేరు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

దక్షిణ భారత చీమల మొదటి జాబితాల్లో ఒకటి 1851లో మద్రాసు నుంచి వచ్చింది. రాసింది జెర్డాన్, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన డాక్టరు. కడపలో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. ఆయన చీమల్ని చూసి, రాసుకుని, వర్ణించి పేర్లు పెట్టాడు. అందులో హార్పెగ్నాథస్ సాల్టేటర్ అనే గెంతే చీమ పేరు ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్నారు. డీఎన్ఏ వచ్చాక ఆ తరహా పని అక్కర్లేదనేవాళ్లు నాకు ఎదురవుతుంటారు. నా అనుభవంలో ఆ పని అవసరం పెరిగింది. బార్‌కోడ్ గుంపుల్ని విడదీస్తుంది, పేరు పెట్టేది మాత్రం పాత నమూనాను, వర్ణనను పక్కన పెట్టుకుని కూర్చునే మనిషే. ఆ విషయంలో బెంగళూరు మంచి చోటు. వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్ జీకేవీకేలోనూ, హెబ్బాళ్‌లోని కీటక వనరుల జాతీయ బ్యూరోలోనూ పిన్నుకెక్కించిన కీటకాల సేకరణలు ఉన్నాయి.

మా వరసలు ఫొటోలతో, వోచర్ నంబర్లతో, పట్టిన చోటు వివరాలతో బోల్డ్‌లో పెడుతున్నాం. పేరు తేలనివాటికి ప్రజాతి పేరు పక్కన మా కోడ్ మాత్రమే రాస్తున్నాం, ఊహించి జాతి పేరు రాయడం లేదు. థార్, హగరి గింజల చీమల వరసలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి, కానీ తేడా సరిగ్గా ఆ 2, 3 శాతం గీత మీద పడింది. అందుకని ఇప్పుడు కేంద్రకంలోని జన్యువుల్ని కూడా చదవడానికి అవే నమూనాలను సిద్ధం చేస్తున్నాం. హగరి వైపు మగచీమలు ఇంకా దొరకలేదు. వానలు మొదలవగానే దర్గా హొన్నూరులో రాత్రిళ్లు దీపం, తెల్లగుడ్డ పెట్టి చూడాలి. గుడ్డ కట్టడానికి గుంజలు పాతి పెట్టిస్తానని అమ్మ అంది.